ఆరుబయటి పాఠం అందరిదీ

“చదువు” అనే మాట వినగానే మీ మనసులో ఏ చిత్రం మెదులుతుంది? చాలామందికి నాలుగు గోడలు, ఒక నల్లబల్ల, వరుసగా వేసిన బెంచీలు, వాటి ముందు నిలబడిన ఉపాధ్యాయుడు గుర్తుకువస్తారు. సార్వత్రిక విద్యా విధానంలో చదువుతున్న మీకు ఆ గోడలూ లేవు, ఆ బెంచీలూ లేవు. మీ పాఠం మీ చేతిలోని పుస్తకంలోనే ఉంది. పగలు పని ముగించుకొని, రాత్రి ఇంట్లో అందరూ పడుకొన్నాక, మీ అంతట మీరే చదువుకొంటారు. వయసు, ఉద్యోగం, ఇంటి బాధ్యతలు ఏవీ చదువుకు అడ్డు రాకుండా ఈ విధానం చూస్తుంది. అయితే ఇందులో ఒక లోటు కూడా ఉంది. ఒంటరిగా చదివేవారికి నలుగురితో కలిసి ఆలోచించే అవకాశం, తప్పు చేసి సరిదిద్దుకొనే అవకాశం తక్కువ.

ఆ లోటును కొంతవరకైనా తీర్చే మార్గం ఒకటుంది. ఆరుబయట, బృందంగా, చేతులతో చేసే సాహసకృత్యాలే ఆ మార్గం. ఇవి ఫీజు కట్టగల పాఠశాలల పిల్లలకు ఏడాదికొకసారి దక్కే వినోదంగా మిగిలిపోకూడదని నా అభిప్రాయం. బడి మానేసినవారికి, పెద్దవయసులో మళ్ళీ పుస్తకం పట్టినవారికి ఇవి మరింత అవసరం. ఎందుకు అవసరమో ఈ వ్యాసంలో వివరిస్తాను. చదివిన తరువాత నాతో ఏకీభవించాలో లేదో మీరే నిర్ణయించుకోండి.

బృందకృత్యం అంటే ఏమిటి?

ముందుగా ఒక ఉదాహరణ చూద్దాం. 12 మీటర్ల తాడు తీసుకోండి. రెండు కొసలు కలిపి ముడివేయండి. ఎనిమిది మంది ఆ తాడు చుట్టూ నిలబడి దాన్ని రెండు చేతులతో పట్టుకోవాలి. అందరూ కళ్ళకు గుడ్డ కట్టుకోవాలి. ఇప్పుడు ఆ తాడుతో నేలమీద ఒక చతురస్రం తయారుచేయాలి. ఇదే వారికి ఇచ్చిన సమస్య.

వినడానికి చాలా సులభంగా ఉంది కదా! చేయడం మొదలుపెడితే తెలుస్తుంది. మొదట అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. గొంతు పెద్దగా ఉన్నవారు నాయకులవుతారు. తాడు కోడిగుడ్డు ఆకారంలోకో, ఏ ఆకారమూ కాని ఆకారంలోకో మారుతుంది. కొంతసేపటికి ఎవరో ఒకరు, బహుశా అంతవరకు నోరు విప్పనివారు, “తాడును సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగు మూలలూ దొరుకుతాయి కదా” అంటారు. అప్పుడు పని ముందుకు కదులుతుంది.

కళ్ళ గుడ్డలు విప్పిన తరువాత అసలైన పాఠం మొదలవుతుంది. నాలుగు భుజాలూ 3 మీటర్ల చొప్పున సమానంగా ఉన్నాయి. అంతమాత్రాన అది చతురస్రమేనా? పక్కకు ఒరిగిన ఆకారానికి కూడా నాలుగు సమాన భుజాలు ఉండవచ్చు. దాన్ని సమచతుర్భుజం అంటాం. చతురస్రం కావాలంటే మూలలు లంబకోణాలు కావాలి. ఎలా సరిచూడాలి? రెండు కర్ణాలనూ కొలవండి. అవి సమానమైతే అది చతురస్రం. లేదా ఒక మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. అది సరిగ్గా 5 అడుగులు వస్తే ఆ మూల లంబకోణం. 3 వర్గం 9, 4 వర్గం 16, రెండూ కలిపితే 25. అదే 5 వర్గం. మీ గణిత పుస్తకంలోని పైథాగరస్ సిద్ధాంతం ఇదే.

మీ బృందంలో ఒక తాపీమేస్త్రీ ఉంటే ఈ సంగతి ఆయనకు ముందే తెలుసు. ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఆయన మూలను సరిచూసేది ఈ 3, 4, 5 కొలతలతోనే. పరీక్షలో “పైథాగరస్ సిద్ధాంతాన్ని నిర్వచింపుము” అన్న ప్రశ్న చూసి భయపడే మనిషి, తాడు దగ్గర మిగతా ఏడుగురికీ ఉపాధ్యాయుడవుతాడు. చాలా ఏళ్ళుగా తనకు చదువు రాదని అనుకొంటూ వచ్చిన వ్యక్తికి ఆ పది నిమిషాలు ఎంత విలువైనవో ఆలోచించండి.

ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చింది?

అనుభవం ద్వారా నేర్చుకోవాలనే మాట కొత్తది కాదు. మన కమ్మరి, కుమ్మరి, నేత వృత్తులవారు పిల్లలకు పని నేర్పింది చేయించే, చెప్పి కాదు. అయితే దాన్ని ఒక విద్యా పద్ధతిగా ఆలోచించినవారిలో అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ ముఖ్యుడు. అనుభవానికీ విద్యకూ గల సంబంధంపై 1938లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఒక హెచ్చరిక కూడా చేశాడు. ప్రతి అనుభవమూ విద్య కాదు. కొన్ని అనుభవాలు మనిషిని ముందుకు నడిపిస్తాయి, కొన్ని భయాన్నో విముఖతనో మిగులుస్తాయి. ఈ హెచ్చరికను గుర్తుంచుకోండి. ముందుముందు దీని అవసరం వస్తుంది.

సాహసాన్ని పాఠంగా మార్చినవారిలో కుర్ట్ హాన్ పేరు ప్రసిద్ధం. జర్మనీలో నాజీల నిర్బంధానికి గురై ఆయన బ్రిటన్‌కు వలసవెళ్ళాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు మునిగినప్పుడు, శరీరబలం ఉన్న కుర్ర నావికులకంటే అనుభవం ఉన్న పెద్ద నావికులే ఎక్కువగా బతికి బయటపడుతున్నారని ఓడల వ్యాపారి లారెన్స్ హోల్ట్ గమనించాడని చెబుతారు. హోల్ట్ సహాయంతో హాన్ 1941లో వేల్స్ తీరంలోని అబెర్డోవీలో ఒక శిక్షణకేంద్రం ప్రారంభించాడు. అదే ఔట్‌వర్డ్ బౌండ్. తరువాత అది అనేక దేశాలకు వ్యాపించింది.

మనదేశంలో 1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన తరువాత, 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. 1965లో ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ వచ్చింది. కాని చాలాకాలం ఈ శిక్షణ సైనికులకు, కళాశాల విద్యార్థులకు, దారి ఖర్చులు పెట్టుకోగలిగినవారికి మాత్రమే అందేది. కూలివారి పిల్లలకు అది వినికిడి మాత్రమే.

భువనగిరి గుట్టమీద

ఆ పరిస్థితిని మార్చిన సంఘటన ఒకటి తెలుగునేలమీద జరిగింది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అనే ఇద్దరు విద్యార్థులు ఎవరెస్టు శిఖరాన్ని చేరుకొన్నారు. పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలోని గిరిజన వ్యవసాయ కూలీల కుమార్తె. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఎవరెస్టు ఎక్కిన బాలికలందరిలో అతి చిన్న వయస్కురాలిగా ఆమె పేరు నమోదైంది. ఆనంద్‌కుమార్ ఖమ్మం జిల్లావాడు. ఇద్దరూ చదివింది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాల్లో. అప్పుడు ఆ విద్యాసంస్థ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ ఈ ప్రయత్నాన్ని ముందుకు నడిపారు. పర్వతారోహకుడు శేఖర్‌బాబు శిక్షణ ఇచ్చారు.

ఈ కథ మీరు విని ఉంటారు. సాధారణంగా దీన్ని శిఖరం దగ్గర మొదలుపెట్టి శిఖరం దగ్గరే ముగిస్తారు. నా దృష్టిలో దీని విలువంతా కింద, మొదటి మెట్టు దగ్గర ఉంది. ఆ పిల్లల శిక్షణ హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరిలో మొదలైంది. భువనగిరి ఏకశిల కొండ. పైన పాతకోట. ఎంపికైన విద్యార్థులందరూ ఆ రాతిమీద తాడు కట్టుకోవడం, ముడులు వేయడం, కిందనున్నవారు పైనున్నవారి తాడును పట్టి కాచుకోవడం నేర్చుకొన్నారు. వారిలో కొందరు డార్జిలింగ్ వెళ్ళారు. మరికొంత తక్కువమంది లడాఖ్ చలిలో శిక్షణ పొందారు. చివరికి ఎవరెస్టుకు వెళ్ళింది ఇద్దరు.

ఆ ఇద్దరినీ లోకం గుర్తుపెట్టుకొంది. మంచిదే. కాని మిగిలినవారి సంగతి ఏమిటి? జీవితంలో మొదటిసారి కొండచరియమీద నిలబడి, తన ప్రాణం తాడు కొసన ఉన్న తోటి విద్యార్థి చేతిలో ఉందని తెలుసుకొని, ఆ నమ్మకంతో కాలు పైకి పెట్టిన ప్రతి బాలికా, ప్రతి బాలుడూ ఆ రోజు ఒక పాఠం నేర్చుకొన్నారు. విద్యావేత్తలు లెక్కించవలసింది ఆ సంఖ్యను. శిఖరంమీద ఇద్దరికే చోటు దొరికింది. గుట్టమీద అందరికీ చోటుంది.

ఈ సందర్భంలో ఒక అభ్యంతరం కూడా చెప్పుకోవాలి. అంత చిన్నవయసులో పిల్లలను 8,848 మీటర్ల ఎత్తుకు పంపడం సరైనదేనా? నేపాల్ వైపునుంచి ఎక్కడానికి 16 ఏళ్ళు నిండాలనే నియమం ఉంది. అందుకే వారు టిబెట్ వైపునుంచి ఎక్కారు. పూర్ణ, ఆనంద్‌ల ధైర్యాన్ని గౌరవిస్తూనే, అది అందరికీ ఆదర్శంగా పెట్టవలసిన కృత్యం కాదని నేను అనుకొంటాను. ఆదర్శంగా తీసుకోవలసింది భువనగిరి గుట్టను.

అదే వేసవిలో మరో పాఠం

పూర్ణ, ఆనంద్ శిఖరం చేరిన రెండు వారాలకే, 2014 జూన్ 8న, హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో ఒక ఘోరం జరిగింది. హైదరాబాద్‌నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నది ఒడ్డున దిగారు. ఎగువనున్న లార్జీ ఆనకట్టనుంచి నీరు వదలడంతో నది ఒక్కసారిగా పొంగింది. 24 మంది విద్యార్థులు, వారివెంట ఉన్న యాత్రా నిర్వాహకుడొకరు కొట్టుకుపోయారు.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కొండ, అయినా పిల్లలు క్షేమంగా తిరిగివచ్చారు. మరోచోట రోడ్డుపక్కన పారే నది, చూడటానికి ప్రశాంతంగా ఉంది. ప్రమాదం ఎంత పెద్దదో కంటికి కనిపించే దృశ్యం చెప్పదు. ఏ నది ఎప్పుడు పొంగుతుందో తెలిసిన మనిషి పక్కన ఉన్నాడా, ముందుగా హెచ్చరిక అందిందా అన్నవే ప్రాణాలు నిలబెడతాయి. సాహసకృత్యంలో మొదటి పాఠం ధైర్యం అని చాలామంది అనుకొంటారు. నిజానికి మొదటి పాఠం సన్నాహం. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడిని అడగండి. మోకును రోజూ తడిమి చూసుకోకుండా ఆయన చెట్టు ముట్టుకోడు. అది పిరికితనం కాదు, వృత్తిజ్ఞానం.

“మేం రోజూ చేసేది కష్టమే కదా!”

మీలో కొందరికి ఒక సందేహం కలిగి ఉంటుంది. “మేం పొద్దున్నించి సాయంత్రం దాకా ఇటుకలు మోస్తాం, బరువులెత్తుతాం, మెట్లెక్కి దిగుతాం. ఆదివారం కూడా తాళ్ళు పట్టుకొని ఆటలాడాలా? ఇది ఒళ్ళు వంచనివారికి కావాలి గాని మాకెందుకు?”

ఇది న్యాయమైన ప్రశ్న. పనికోసం ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్ ప్రాంతాలకు వచ్చి చదువుకొంటున్న తెలుగువారికి మరీ న్యాయమైన ప్రశ్న. సమాధానం ఇది. కూలిపనిలో మీ చేతులు పనిచేస్తాయి, నిర్ణయాలు మరొకరివి. ఏ ఇటుక ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆగాలో కాంట్రాక్టరు చెబుతాడు. బృందకృత్యంలో సమస్య మీది, ఉపాయం మీది, నిర్ణయం మీది. తప్పు జరిగితే ఎవరూ కూలి కోయరు. ఆగి, కూర్చొని, ఎక్కడ పొరపాటు జరిగిందో మాట్లాడుకొని మళ్ళీ చేస్తారు. తప్పు చేసే స్వేచ్ఛ పేదవాడికి దొరకడం చాలా అరుదు. ఆ స్వేచ్ఛ లేకుండా ఎవరూ నేర్చుకోలేరు.

అంతేకాదు, మీకు ఇదివరకే ఉన్న నేర్పును మీ చదువుతో కలిపే వంతెన ఇది. పల్లెలో పెరిగినవారు నీడను చూసి వేళ చెప్పగలరు. నీడనుబట్టి చెట్టు ఎత్తు లెక్కకట్టడం వారికి కష్టం కాదు. ఒక మీటరు కర్రను నిలబెట్టండి. దాని నీడ మీటరున్నర ఉంది. అదే సమయంలో వేపచెట్టు నీడ 12 మీటర్లు ఉంది. అయితే చెట్టు ఎత్తు 8 మీటర్లు. సరూప త్రిభుజాల పాఠం ఇంతే.

మరో సందేహం పరీక్షల గురించి. “దీనికి మార్కులు ఉండవు కదా!” నిజమే, నేరుగా ఉండవు. కాని చదువు మధ్యలో మానేసేవారందరూ పాఠం అర్థంకాకే మానేస్తున్నారా? తనతోపాటు చదివేవారెవరూ తెలియక, అడగడానికి మనిషి లేక, “ఈ వయసులో నాకెందుకు” అన్న నిరుత్సాహంతో మానేసేవారు లేరా? ఒక ఆదివారం ఏడుగురితో కలిసి తాడు పట్టుకొన్న మనిషికి, సోమవారం సందేహం వస్తే అడగడానికి ఏడు పేర్లు ఉంటాయి. నా ఉద్దేశంలో ఇది మార్కులకు కూడా పనికివచ్చే పెట్టుబడి.

ఏం చేయవచ్చు?

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పదిరోజులు పుస్తకాల సంచీ లేకుండా, చేతిపనులు నేర్చుకొనే ఏర్పాటు ఉండాలని సూచించింది. మంచి సూచన. అయితే ఆ తరగతుల వయసులో బడి బయట ఉండిపోయినవారి సంగతి? 1979లో ఢిల్లీలో ఒక చిన్న ప్రయోగంగా మొదలై, 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా ఏర్పడిన మన సంస్థ ఉద్దేశమే బడి దాటిపోయినవారికి మళ్ళీ తలుపు తెరవడం. పుస్తకం ఇంటికి పంపినంత మాత్రాన ఆ తలుపు పూర్తిగా తెరుచుకొన్నట్లు కాదు. ప్రతి అధ్యయన కేంద్రంలోనూ సంపర్క తరగతుల్లో కనీసం ఒక రోజును ఆరుబయటి బృందకృత్యాలకు కేటాయించాలని నేను కోరుతున్నాను.

దీనికి హిమాలయాలు అవసరం లేదు. పెద్ద ఖర్చు కూడా లేదు. ఒక తాడు, కొలత టేపు, కర్ర, కాగితాలు, పెన్సిళ్ళు చాలు. ఢిల్లీలో ఆరావళి కొండల చివరి వరుస నగరం మధ్యదాకా వస్తుంది. దాన్నే రిడ్జ్ అంటారు. ఆ రాళ్ళను చూస్తే భూగోళ పాఠం కళ్ళముందు ఉంటుంది. నోయిడా అంచున యమున ఒడ్డున ఓఖ్లా పక్షుల రక్షిత ప్రాంతం ఉంది. అవి దూరమనుకొంటే కాలనీ పార్కు చాలు. నలుగురు కలిసి ఆ పార్కుకు అడుగులతో కొలిచి పటం గీయండి. స్కేలు, దిక్కులు, గుర్తులు అన్నీ అందులోనే వస్తాయి. ఇక్కడి మే, జూన్ ఎండలు, నవంబరు పొగమంచు ఆరుబయటి పనికి మంచివి కావు. ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. నిజంగా రాతి ఆరోహణ నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే, దక్షిణ ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్‌లో అందుకోసం కట్టిన కృత్రిమ గోడలున్నాయి. శిక్షకుడు లేకుండా మాత్రం ఎవరూ రాయి ఎక్కకూడదు.

ఏ కృత్యానికైనా ఈ నాలుగు నియమాలు పాటించండి:

1. కృత్యం మొదలుపెట్టేముందు స్థలాన్ని ఒకరు తిరిగి చూడాలి. గాజుపెంకులు, గుంతలు, విద్యుత్తు తీగలు, నీరు ఉన్నాయేమో గమనించాలి.

2. “నేను చేయను” అని చెప్పే హక్కు ప్రతివారికీ ఉంది. చీరతో పరుగెత్తలేని గృహిణి కాలం లెక్కించవచ్చు, నడవలేనివారు పటం గీయవచ్చు. ఎవరి పాత్రను వారే ఎంచుకోవాలి. బలవంతపెట్టినా, నవ్వినా అది పాఠం కాదు, అవమానం.

3. పరిష్కారం తెలిసిన ఉపాధ్యాయులు ముందుగా చెప్పకూడదు. ప్రమాదం ఉన్నచోట మాత్రమే కల్పించుకోవాలి.

4. పని ముగిశాక అందరూ గుండ్రంగా కూర్చొని మాట్లాడుకోవాలి. ఏం జరిగింది? ఎందుకు జరిగింది? మరోసారి చేస్తే ఏం మార్చుకొంటాం?

ఈ నాలుగో నియమాన్ని చాలామంది వదిలేస్తారు. అది వదిలేస్తే మిగిలేది ఆట మాత్రమే. డ్యూయీ హెచ్చరించింది దీని గురించే. అనుభవాన్ని తిరగేసి చూసుకొన్నప్పుడే అది జ్ఞానమవుతుంది. ఎవరు ఎక్కువ మాట్లాడారు, ఎవరి మాట వినకుండా పోయింది, ఆ వినని మాటలోనే జవాబు ఉందా అని ఆ కూర్చున్నచోట తెలుస్తుంది. ఇంటి ఖర్చులమీద, కాలనీ నీటి కుళాయిమీద, కూలి రేటుమీద నలుగురు కూర్చొని మాట్లాడవలసి వచ్చినప్పుడు పనికివచ్చేది ఇదే అలవాటు.

పుస్తకం మీకు సిద్ధాంతం చెప్పగలదు. మీ పక్కన నిలబడి తాడు రెండో కొస పట్టుకోలేదు. దానికి మరో మనిషి కావాలి. ఆ మనిషిని కలిసే ఒక్క రోజైనా ప్రతి అభ్యాసకుడికీ, ప్రతి అభ్యాసకురాలికీ దక్కాలి. మీ అధ్యయన కేంద్రంలో అటువంటి రోజు లేకపోతే, రాబోయే సంపర్క తరగతిలో అడగండి. అడగడం మీ హక్కు.

ఆలోచించండి, చేయండి

1. నాలుగు భుజాలు సమానంగా ఉన్న ప్రతి ఆకారమూ చతురస్రమేనా? తాడుతో చేసి చూసి, కారణం మీ సొంతమాటల్లో రాయండి.

2. 2014 వేసవిలోని రెండు సంఘటనలనుంచి రచయిత ఏ నిర్ణయానికి వచ్చారు? మీరు దానితో ఏకీభవిస్తారా?

3. మీ వృత్తిలోగాని, ఇంటిపనిలోగాని మీరు వాడే ఒక కొలతను, ఒక మెలకువను ఎన్నుకోండి. అది మీ పాఠ్యపుస్తకంలోని ఏ పాఠానికి సంబంధించినదో గుర్తించి, మీ తోటి అభ్యాసకుడికి వివరించండి.